గాలికి తలుపు తీసిన ఇల్లు

కనక్ జనుల ఇంటి గుమ్మం పొట్టిది. తల వంచకుండా ఎవరూ లోపలికి వెళ్ళలేరు. గ్రామపెద్ద అయినా, దొర అయినా, పాస్టరుగారైనా నడుము వంచి గడప దాటవలసిందే. లోపల తల ఎత్తి చూస్తే ఎదుట ఒక లావుపాటి స్తంభం. మన పల్లెల్లో పూరింటికి నిట్రాట ఎలాగో ఆ గుండ్రటి ఇంటికి ఆ నడిమి స్తంభం అలాగు. చుట్టూ ఉన్న వాసాలన్నీ పైకి పోయి దాని శిరస్సు దగ్గర కలుసుకుంటాయి. నడిమి స్తంభం పెద్దకు గుర్తు, చుట్టూ ఉన్న గుంజలు వంశాలకు గుర్తు అని వారు చెప్పుకుంటారు. ఇల్లు కట్టాలంటే వంశాలన్నీ రావాలి. ఒకరు కలప తెస్తారు, ఒకరు తీగెలు తెస్తారు, ఒకరు గడ్డి కోసుకొస్తారు. ఒక్క కుటుంబం చేతితో లేచే ఇల్లు కాదది.

శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్టిల్లు చూసినవారికి ఈ మాటలు కొత్తగా ఉండవు. గాలివాన వస్తే మూలలున్న ఇంటిని పట్టుకొని ఊపినట్టు గుండ్రటి ఇంటిని ఊపలేదు. అందుకే మన పెద్దలు సముద్రం పక్కన గుండ్రంగా కట్టి, చూరు నేలదాకా దించారు. పసిఫిక్ మహాసముద్రంలోని ఒక దీవి ప్రజలు మన ముఖం ఎన్నడూ చూడకుండానే అదే పాఠం నేర్చుకొన్నారు.

ఈ ఇంటి సంగతి ఇప్పుడెందుకంటే, మన సంఘాల్లో కమ్యూనిటీ హాలు కట్టాలన్న మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. సంతోషమే. కాని ప్లాను ఏదని అడిగితే పట్నంలో చూసిన కల్యాణమండపం ఫోటో తీసి చూపిస్తున్నారు. నాలుగు గోడలు, పైన శ్లాబు, ముందు రంగు అద్దాలు. మే నెలలో ఆ శ్లాబు కింద ఒక గంట కూర్చున్నవారికి మేము వేరే చెప్పనవసరం లేదు. అందుచేత ఒక ప్రజ తమ నేలను, తమ చెట్లను, తమ గాలిని చూసుకొని కట్టించుకొన్న ఒక భవనం కథ ఈ నెల మన పాఠక కుటుంబాలకు చెప్పాలనుకొన్నాము. ఆ కథలో రక్తం ఉంది. మన ప్రొటెస్టంటు సహోదరుడు ఒకడు చిందించిన రక్తం కూడ ఉంది. దాన్ని దాచము.

ఆ దేశం పేరు న్యూ కాలెడోనియా. ఆస్ట్రేలియాకు తూర్పున సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రధాన ద్వీపం పొడవు 400 కిలోమీటర్లు, వెడల్పు 50. పక్కన లాయల్టీ దీవులనే చిన్న దీవుల వరుస ఉంది. 1774లో కెప్టెన్ కుక్ అటువైపు వచ్చినప్పుడు దూరాన తీరం వెంబడి సన్నగా, నిటారుగా ఏవో కనబడ్డాయట. రాతిస్తంభాలని ఓడలోని పండితులు, కాదు చెట్లేనని కుక్ వాదించుకొన్నారు. చెట్లే! ఆ దేశపు పైన్ చెట్లు అంత సన్నగా, స్తంభాల్లా పెరుగుతాయి. కనక్ గ్రామంలో పెద్ద ఇంటికి పోయే బాటకు ఇరువైపులా ఈ పైన్ చెట్లు, కొబ్బరిచెట్లు వరుసగా నిలబెడతారు. ఊరు పాడుపడిపోయినా, చెట్ల వరుసను బట్టి ఇక్కడ ఒక ఊరు ఉండేదని చెప్పవచ్చు.

సువార్త ఆ దీవులకు 1841లో వెళ్ళింది. లండన్ మిషనెరీ సొసైటీ పంపిన మొదటి ఉపదేశకులు తెల్లవారు కారు, పసిఫిక్‌లోని ఇతర దీవుల నుండి వచ్చిన విశ్వాసులు. ఈ సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు తప్పక చెప్పాలి. లాయల్టీ దీవుల్లో నేటికీ ఎక్కువమంది ప్రొటెస్టంటులే. 1853లో ఫ్రాన్సు ఆ దేశాన్ని తనదని ప్రకటించింది. తరువాత జరిగింది మనకు తెలిసిన కథే. మంచి భూములు పోయాయి. 1900 నాటికి ప్రధాన ద్వీపంలో కనక్ జనులకు మిగిలింది సుమారు పదో వంతు నేల. అనుమతి లేకుండా ఊరు దాటరాదన్న చట్టం 1946 వరకు వారి మెడమీద ఉంది.

ఆ చీకటి రోజుల్లో 1902లో మోరిస్ లీనార్ట్ అనే ఫ్రెంచి ప్రొటెస్టంటు మిషనెరీ హువైలూ అనే చోటికి వచ్చారు. ఆయన చేసిన గొప్ప పని వినడం. ప్రజల భాష విని, వారి ఆచారం విని, ఆ తరువాతనే నోరు తెరిచారు. క్రొత్త నిబంధనను వారి భాషలోకి తర్జుమా చేస్తూ "విమోచన" అన్న మాట దగ్గర ఆగిపోయారు. ఎంతకూ సరైన మాట దొరకలేదు. చివరకు ఒక కనక్ పాస్టరు ఒక మాట అందించాడు. యుద్ధంలో రక్తం పడిన నేల, కీడు తగిలిన నేల ఉంటే, అక్కడ ఒక చిన్న చెట్టు నాటే ఆచారం వారికి ఉంది. ఆ చెట్టు ఆ కీడును తనలోకి తీసుకొని నేలను విడిపిస్తుందని వారి పెద్దల భావం. క్రీస్తు అలా తన్నుతానే నాటుకొన్నాడని ఆ పాస్టరు వివరించాడు. లీనార్ట్ ఆ మాటనే తీసుకొన్నారు. 1922లో ఆ క్రొత్త నిబంధన అచ్చయింది. కొయ్యమీద వ్రేలాడిన ప్రభువును గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాము గాని, ఇంత సూటియైన వివరణ మాకు అరుదుగా తగిలింది.

ఇక భవనం కథకు వద్దాము.

జాఁ మరీ చిబావు 1936లో తియెందనీత్ అనే కొండ పల్లెలో పుట్టాడు. 1917 తిరుగుబాటు రోజుల్లో ఆయన నాయనమ్మ సైనికుల తుపాకీ గుండుకు చనిపోయింది. ఆయన రోమన్ కతోలిక సంఘములో చదివి 1965లో గురువుగా అభిషేకం పొందాడు. ఫ్రాన్సులో మానవశాస్త్రం చదివాడు. తన ప్రజలు తాగుడులోను, నిరాశలోను కూరుకుపోతుంటే పీఠం దగ్గర నిలబడి చూడలేక, 1970వ దశకం మొదట్లో గురుత్వం విడిచి ప్రజల మధ్యకు వచ్చాడు. ఆయన చేసిన మొదటి పెద్దపని రాజకీయం కాదు, ఒక పండుగ. 1975 సెప్టెంబరులో నూమియా పట్టణం అంచున సముద్రతీరంలో కనక్ జనులందరినీ పిలిచి, వారి నాట్యాలు, పాటలు, ఇళ్ళు, పంటలు అందరికీ చూపించాడు. తమకంటూ ఒక సంస్కృతి ఉందని తెల్లవారికి చెప్పడం ఒక ఎత్తు. తమ పిల్లలకు చెప్పడం అంతకంటె పెద్ద ఎత్తు. నెహెమ్యా కాలంలో చెర నుండి వచ్చినవారు కొమ్మలు తెచ్చి పర్ణశాలలు కట్టుకొన్నప్పుడు వారి పిల్లల ముఖాలు ఎలా వెలిగి ఉంటాయో ఊహించండి.

తరువాతి సంవత్సరాలు భయంకరమైనవి. స్వాతంత్య్రం కోరే కనక్ జనులకు, ఫ్రాన్సుతోనే ఉండాలనే వలసవారికి మధ్య తుపాకులు లేచాయి. 1984 డిసెంబరు 5 రాత్రి చిబావు ఊరివారిమీద దారి కాచి కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. వారిలో ఆయన సొంత సోదరులు ఇద్దరు. కాల్చినవారిని 1987లో కోర్టు విడిచిపెట్టింది. అప్పుడు కూడ ఆయన పగకు పిలుపు ఇవ్వలేదు. 1988 ఏప్రిల్‌లో ఊవేయా దీవిలో కొందరు యువకులు పోలీసు స్థావరంపై పడి నలుగురిని చంపి, మిగిలినవారిని బందీలుగా ఒక గుహకు తీసుకుపోయారు. మే 5న సైన్యం ఆ గుహపై దాడి చేసింది. 19 మంది కనకులు, ఇద్దరు సైనికులు మరణించారు. జూన్ నెలలో చిబావు పారిస్ వెళ్ళి, ప్రత్యర్థి నాయకుని చేయి పట్టుకొని, మాటిన్యోఁ ఒప్పందంమీద సంతకం చేశాడు.

ఆ చేయి కలపడం అందరికీ నచ్చలేదు. 1989 మే 4న ఊవేయా దీవిలో ఆ 19 మందికి సంతాపదినాల ముగింపు ఆచారం జరుగుతుండగా, జుబెల్లీ వేయా అనే వ్యక్తి ముందుకు వచ్చి చిబావును, ఆయన తోటి నాయకుడు యెయివెనె యెయివెనెను కాల్చి చంపాడు. అంగరక్షకుడు వేయాను అక్కడే కాల్చేశాడు. ఈ వేయా వేదాంతవిద్య చదివినవాడు. ఒకప్పుడు ప్రొటెస్టంటు పాస్టరు. గుహ సంఘటన తరువాత అతణ్ణి పట్టి ఫ్రాన్సు జైలుకు తరలించారు. ఆ రోజుల్లోనే అతని తండ్రి చనిపోయాడు. అతని దుఃఖం నిజమైనది. దుఃఖం చేతికి తుపాకీ దొరికితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. బైబిలు పట్టిన చేయే అది, అంతకంటె మేము ఏమి వ్రాయగలము?

చిబావు బ్రతికి ఉండగానే తన ప్రజలకు ఒక సంస్కృతీ కేంద్రం కావాలని కోరాడు. ఆయన పోయాక ఫ్రాన్సు ప్రభుత్వం దానికి ఒప్పుకొన్నది. 1975లో పండుగ జరిగిన చోటే, ఒక పక్క ఉప్పుకయ్య, మరొక పక్క అఖాతం ఉన్న సన్నని నేలనాలుక మీద స్థలం ఏర్పాటైంది. 1991లో జరిగిన పోటీలో ఇటలీ దేశస్థుడు రెంజో పియానో ప్రణాళిక గెలిచింది. ఆయన అప్పటికే పేరున్నవాడు. అయినా కనక్ జనులను గురించి తనకేమీ తెలియదని ఒప్పుకొని, వారి మధ్య ఏళ్ళ తరబడి తిరిగిన ఆల్బాఁ బెన్సా అనే మానవశాస్త్రవేత్తను పక్కన ఉంచుకొన్నాడు.

పియానో ముందు రెండు తప్పుదారులు ఉన్నాయి. పారిస్‌లో కట్టినట్టు అద్దాలమేడ కట్టడం ఒకటి. గడ్డికప్పు గుడిసెను పెద్దది చేసి, పర్యాటకుల కోసం బొమ్మలా నిలబెట్టడం మరొకటి. రెండవదే ఎక్కువ ప్రమాదం. చూడటానికి గౌరవంలా కనబడుతుంది గాని, "మీరు నిన్నటి మనుషులు" అని చెప్పడమే అది. చిబావు తన ప్రజల ఉనికి వెనుక లేదని, ముందు ఉన్నదని చెప్పినవాడు. కాబట్టి ఆయన పేరుమీద పాత గుడిసె బొమ్మ కట్టరాదు.

పోటీకి పంపిన మొదటి నమూనాలో ఎత్తయిన చెక్క వాసాలు పైన ఒకచోట కలుసుకొన్నాయి, సరిగ్గా కనక్ ఇంటిలాగే. మార్చుతూ మార్చుతూ పోగా చివరి రూపంలో అవి కలుసుకోలేదు. పైకి లేచి, కొంచెం లోపలికి వంగి, విచ్చుకొని అలా ఆగిపోయాయి. కప్పు వేయడం మధ్యలో ఆపి పనివారు అన్నానికి వెళ్ళారేమో అన్నట్టు ఉంటుంది. కావాలనే అలా ఉంచారు. ఈ ప్రజల కథ ఇంకా పూర్తి కాలేదని దాని అర్థం.

ఇటువంటి ఇళ్ళు పది ఉన్నాయి. మూడు పరిమాణాలు. అన్నిటికంటె ఎత్తయినది 28 మీటర్లు, అంటే సుమారు తొమ్మిది అంతస్తుల మేడంత. వాటిని మూడు గుంపులుగా, మూడు పల్లెల్లా, నేలనాలుక వెన్నుమీద వరుసగా నిలిపారు. వాటిని కలుపుతూ ఒక పొడవాటి వీధి వంపు తిరిగి పోతుంది. కనక్ గ్రామపు చెట్లబాటే ఆ వీధికి మూలం. ఒక పల్లెలో ప్రదర్శనశాలలు, ఒక పల్లెలో గ్రంథాలయం, ఒక పల్లెలో సంగీతానికి, నాట్యానికి, పిల్లలకు గదులు. అఖాతం వైపు తక్కువ ఎత్తు గదులు, ఒక సభామందిరం. దూరం నుండి పడవలో వచ్చేవారికి పైన్ చెట్ల మధ్య మరికొన్ని చెట్లు ఉన్నట్టే కనబడుతుంది. కుక్ ఓడలోని పండితులు ఉంటే ఇంకొకసారి వాదించుకొనేవారేమో.

మాకు అన్నిటికంటె నచ్చింది గాలి ఏర్పాటు. ఆ దీవికి ఆగ్నేయం నుండి వ్యాపారపవనాలు ఏడాదిలో చాలా రోజులు వీస్తాయి. ప్రతి ఇంటికీ రెండు పొరలు ఉన్నాయి. బయటి పొర వంగిన వాసాలది. వాటిమీద అడ్డంగా చెక్కపట్టీలు, కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల ఎడంగా. మన తాటాకు తడికలో సందులు ఉన్నట్టు. లోపలి పొర నిటారు వాసాలది. దానికి తెరిచి మూసే రెక్కలు ఉన్నాయి. పిల్లగాలి వీస్తే రెక్కలన్నీ తెరుచుకొని గాలి లోపలికి వస్తుంది. గాలి జోరు పెరిగేకొద్దీ కింది రెక్కలు మూసుకొంటాయి. తుపాను వస్తే అన్నీ మూతబడి, గాలి రెండు పొరల మధ్యనుండి పైకి దాటిపోతుంది. గాలి లేని రోజున వేడెక్కిన గాలి ఆ రెండు పొరల మధ్య నుండే పొగగొట్టంలో పొగలా పైకి లేచిపోతుంది. ఇదంతా ఊహమీద కట్టలేదు, చిన్న నమూనా చేసి గాలిసొరంగంలో పెట్టి పరీక్షించి చూశారు. గాలి పట్టీల సందుల్లోనుండి పోయేటప్పుడు సన్నని శబ్దం వస్తుంది. కనక్ పల్లెల్లో చెట్లమధ్య వినిపించే శబ్దంలాంటిదే కావాలని పియానో కోరుకొన్నాడు.

కలప ఇరోకో. ఆఫ్రికా నుండి తెచ్చిన గట్టి చెట్టు. చెదలు పట్టదు, ఉప్పుగాలికి తొందరగా పాడవదు. పలకలను పొరలు పొరలుగా అతికి, ఫ్రాన్సులో తయారుచేసి ఓడల్లో తెచ్చారు. కనక్ నేల గురించిన భవనానికి ఆఫ్రికా కలప, ఫ్రాన్సు డబ్బు, ఇటలీ మేస్త్రి ఏమిటని అడిగినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. వంశాలన్నీ వచ్చి కలప మోసి, తీగె కట్టి లేపిన ఇల్లు కాదది. కాని ఒక మాట. అరణ్యంలో ప్రత్యక్షపు గుడారానికి తుమ్మకర్ర ఆ ఎడారిలో దొరికినదే అయినా, బంగారము, సన్ననార ఐగుప్తు నుండి వచ్చినవే కదా! ఏది ఎక్కడినుండి వచ్చిందన్నదానికంటె, లోపల ఎవరి మాట వినబడుతుందన్నదే మాకు ముఖ్యంగా తోస్తుంది. చిబావు భార్య మరీ క్లోద్ చిబావు ఆ సంస్కృతి సంస్థకు చాలా సంవత్సరాలు అధ్యక్షురాలుగా ఉన్నారు. కుమారుడు ఎమ్మానుయేల్ కొంతకాలం డైరెక్టరుగా పనిచేసి, 2024లో ఫ్రాన్సు పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

ఇళ్ళ పక్కనుండి చెట్లలో ఒక కాలిబాట వేశారు. కనక్ పెద్దలు చెప్పుకొనే మొదటి మనిషి కథను అయిదు భాగాలుగా ఆ బాట చెబుతుంది. బొమ్మలతో కాదు, మొక్కలతో. ఒకచోట నీటిమడిలో చేమ, ఒకచోట పొడినేలలో పెండలం, ఒకచోట పైన్ చెట్లు. పెండలం వారికి మామూలు దుంప కాదు. వారి సంవత్సరమంతా దాని పంటను బట్టి నడుస్తుంది. పెళ్ళికి, చావుకు, క్షమాపణకు పెండలం చేతిలో పెట్టుకొని వస్తారు. మొదటి మనిషిని గూర్చి మనము ఆదికాండములో నేర్చుకొన్నది వేరు. అక్కడి క్రైస్తవ సహోదరులకూ ఆ సంగతి తెలుసు. అయినా తాతల నోట విన్న కథను పిల్లలకు తెలియనివ్వడమూ, దానిని ఆరాధించడమూ ఒకటి కాదని లీనార్ట్ ఎన్నడో గ్రహించారు. మన సంఘాల్లో ఈ విషయమై ఇప్పటికీ తర్జనభర్జన ఉంది. జానపదం పాడినా తప్పే అనేవారున్నారు. మేము ఆ పక్షం కాదు.

మన మధ్య కూడ ఇటువంటి ఆలోచన చేసినవారు లేకపోలేదు. మెదక్‌లో 1924లో ప్రతిష్ఠ జరిగిన దేవాలయము ఇంగ్లండు దేవాలయాల పద్ధతిలో ఆకాశానికి లేచింది. దాని గొప్ప దానిది. డోర్నకల్‌లో బిషప్ అజరయ్యగారు 1939లో ప్రతిష్ఠించిన దేవాలయము దారి వేరు. మన గుడుల స్తంభాలు, ముస్లిముల గుమ్మటాలు, మినారులు ఒకచోట చేర్చి, ఈ దేశపు విశ్వాసి తన ఇంట్లోకి వచ్చినట్టు రావాలని ఆయన కట్టించారు. హాలు కట్టబోయే కమిటీలవారు బయలుదేరి ఒకసారి డోర్నకల్ చూసి రావచ్చు. బస్సు చార్జీలు ఇంజనీరు ఫీజుకంటె తక్కువే! తిరిగి వచ్చాక మే నెల మధ్యాహ్నం తమ స్థలంలో ఒక గంట నిలబడి, గాలి ఎటునుండి వస్తున్నదో, చింతచెట్టు నీడ ఎటు పడుతున్నదో, తొలకరి నీరు ఎటు పారుతుందో చూసుకోవచ్చు. ఊళ్ళో పూరిల్లు కట్టడం తెలిసిన తాత ఒకరు ఇంకా ఉంటే ఆయనను కూడ కమిటీలో కూర్చోబెట్టవచ్చు.

చిబావు కేంద్రం 1998 మే 4న, ఆయన చనిపోయిన రోజునే, తెరిచారు. మరునాడు నూమియా ఒప్పందం సంతకమైంది. దేశం పూర్తిగా కుదుటపడిందని చెప్పలేము. 2018, 2020, 2021లలో స్వాతంత్య్రంపై మూడుసార్లు ఓటింగు జరిగింది, మూడుసార్లూ వద్దన్నదే గెలిచింది. 2024 మేలో మళ్ళీ మంటలు లేచాయి, ప్రాణాలు పోయాయి.

కాని 2004లో జరిగింది కూడ చెప్పాలి. హత్య జరిగిన పదిహేనేళ్ళకు వేయా కుటుంబం, చిబావు కుటుంబం, యెయివెనె కుటుంబం ఆచారం ప్రకారం ఒకరి ఎదుట ఒకరు నిలబడి సమాధానపడ్డారు. చంపినవాడూ పోయాడు, చనిపోయినవారూ పోయారు. మిగిలినవారు పిల్లలు, విధవరాండ్రు, ఊళ్ళు. పదిహేనేళ్ళు ఒక ఊరివారు మరొక ఊరి గడప తొక్కలేదు. ఆ గడపలు ఎంత పొట్టివో మొదటే చెప్పాము.

ఇరోకో కలప కొత్తలో గోధుమరంగులో ఉంటుంది. ఎండకు, వానకు, ఉప్పుగాలికి క్రమంగా వెండిబూడిద రంగుకు తిరుగుతుంది. అది తెలిసే పియానో దానిని ఎంచుకొన్నాడు. ఇప్పుడు ఆ వాసాల రంగూ, పక్కనున్న కొబ్బరి బోదెల రంగూ దాదాపు ఒక్కటే.